తెరచాటు చిత్రకారులు

పాఠ్యాంశ ఉద్దేశం

యానిమేషన్ చలనచిత్రాలను చూసి ఆనందించేవారు లోకమంతటా ఉన్నారు. అయితే ఆ చిత్రాలకు తొలిరూపం కల్పించే కళాకారులను ఎరిగినవారు చాలా తక్కువ. ఆ కళాకారుల వృత్తి స్వరూపాన్ని, దాని వెనుక ఉన్న సాధనను, ఆ వృత్తికి వన్నె తెచ్చిన ఒక చిత్రకారుని జీవితం ఆధారంగా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెల్లవారుతున్న వేళ. అడవి ఇంకా పూర్తిగా మేలుకోలేదు. మంచుతెర చాటున చెట్ల మొదళ్లు లీలగా కనిపిస్తున్నాయి. దూరంగా పోయిన కొద్దీ కొమ్మలూ ఆకులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నీలినీడలుగా మారిపోతున్నాయి. రాత్రి సంచారం ముగించుకొన్న గుడ్లగూబ ఒకటి తన నెలవుకు చేరుకొంటోంది. 1942లో విడుదలైన 'బాంబి' అనే యానిమేషన్ చలనచిత్రం ఈ దృశ్యంతో ప్రారంభమవుతుంది. ఒక జింకపిల్ల పుట్టి, తల్లిని పోగొట్టుకొని, పెరిగి పెద్దదై వనానికి అధిపతి అయిన కథ అది.

ఆ అడవిని నిదానించి చూస్తే ఒక విశేషం బోధపడుతుంది. అందులో చాలా చెట్లు పూర్తిగా గీసినవి కావు. చూసేవారి దృష్టి నిలవవలసిన చోట మాత్రమే రేఖలు స్పష్టంగా ఉంటాయి. తక్కినదంతా రంగుల మసకలో కరిగిపోతుంది. అయినప్పటికీ మనం ఒక మహారణ్యం నడుమ నిలిచి ఉన్నామనే అనుభూతి కలుగుతుంది. అడవిని పూర్తిగా చూపకుండానే అడవిని అనుభవింపజేసిన ఆ చిత్రకారుడు ఎవరు? ఆయన చేసిన పని ఎలాంటిది? దీనిని గ్రహించాలంటే యానిమేషన్ రంగంలో 'విజువల్ డెవలప్‌మెంట్ ఆర్టిస్టు' అని వ్యవహరించే కళాకారుని గురించి తెలుసుకోవాలి. సౌలభ్యం కోసం అతన్ని మనం 'దృశ్యరూపకర్త' అని పిలుచుకొందాం.

సాధారణ చలనచిత్రానికీ, యానిమేషన్ చిత్రానికీ మౌలికమైన భేదం ఒకటుంది. నటీనటులతో తీసే చిత్రంలో కెమెరా ముందు కొంత ప్రపంచం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. చెట్టు కావాలంటే చెట్టు దగ్గరకు వెళ్లవచ్చు. సాయంకాలపు వెలుగు కావాలంటే సాయంకాలం దాకా వేచి ఉండవచ్చు. యానిమేషన్‌లో ఇవేవీ ముందుగా లేవు. గీస్తే తప్ప చెట్టు లేదు, వేస్తే తప్ప వెలుగు లేదు. ప్రతి ఆకూ, ప్రతి నీడా ఎవరో ఒకరు ఆలోచించి తీసుకొన్న నిర్ణయమే.

అంతేకాదు, ఈ నిర్ణయాలు తీసుకొనే చేతులు అనేకం. తెరమీద ఒక సెకనుకు 24 ఫ్రేములు కదలిపోతాయి. బాంబి నిడివి సుమారు 70 నిమిషాలు. ఆ లెక్కన అందులో దాదాపు లక్ష ఫ్రేములున్నాయి. వందలాది కళాకారులు కొన్ని సంవత్సరాలపాటు శ్రమిస్తే గాని అన్ని ఫ్రేములు సిద్ధం కావు. ఒకరు జింక కాలు గీస్తారు, ఇంకొకరు దాని వెనుక పొదను చిత్రిస్తారు, వేరొకరు రంగులు నింపుతారు. ఇందరు గీసినా చివరకు ఒకే చేయి గీసినట్లు ఉండాలి. అలా ఉండాలంటే పని ఆరంభం కావడానికి ముందే ఒకరు ఆ లోకాన్ని తమ మనోనేత్రంతో దర్శించి, కాగితంమీద నిలిపి, తక్కినవారికి చూపాలి. దృశ్యరూపకర్త చేసే పని ఇదే. అతడు గీసిన చిత్రాలు తెరమీదికి రావు. కాని తెరమీదికి వచ్చేదంతా అతని చిత్రాలను అనుసరించే వస్తుంది.

మన సాహిత్యం చదువుకొన్నవారికి ఈ భావం కొత్తది కాదు. రసనిష్పత్తిని వివరించిన ఆలంకారికులు విభావాన్ని రెండు విధాలుగా విభజించారు. రసానికి ఆశ్రయమైన నాయికానాయకాదులు ఆలంబన విభావం. ఆ భావాన్ని పెంపొందించే వెన్నెల, వసంతం, ఉద్యానవనం మొదలైనవి ఉద్దీపన విభావం. అల్లసాని పెద్దన మనుచరిత్రలో హిమాలయాన్ని వర్ణించింది కేవలం వర్ణన కోసం కాదు. ఆ పర్వత సౌందర్యమే ప్రవరుణ్ణి ముందుకు నడిపిస్తుంది. ఆ మంచునీరే అతని పాదలేపాన్ని కరిగించి తిరుగుదారి లేకుండా చేస్తుంది. అంటే అక్కడ పర్వతం కూడా కథలో ఒక పాత్రే. దృశ్యరూపకర్త కూడా ఇటువంటి ఉద్దీపన విభావాన్నే రేఖలతో, వర్ణాలతో నిర్మిస్తాడు. కవికి పదం ఎలాంటిదో అతనికి రంగు అలాంటిది.

ఇక అతని పనితీరును పరిశీలిద్దాం. కథ చేతికి అందగానే అతడు నేరుగా పెద్ద చిత్రం వేయడానికి కూర్చోడు. మొదట పరిశోధన చేస్తాడు. కథ జరిగే ప్రాంతంలోని ఇళ్లు, చెట్లు, దుస్తులు, పనిముట్లు, ఋతువులు మొదలైనవాటిని అధ్యయనం చేస్తాడు. వీలైతే స్వయంగా ఆ ప్రాంతానికి వెళ్లి నోటుపుస్తకాలు నింపుకొని వస్తాడు. ఆ తరువాత అగ్గిపెట్టెంత ప్రమాణంలో పదుల సంఖ్యలో చిన్నచిన్న బొమ్మలు గీస్తాడు. వీటిలో ముఖాలు, వివరాలు ఉండవు. చీకటి ఎక్కడ, వెలుగు ఎక్కడ, పెద్ద ఆకారం ఏది, చిన్న ఆకారం ఏది అన్నవి మాత్రమే తేలుతాయి. నలుపు తెలుపుల్లో నిలబడని చిత్రాన్ని ఎన్ని రంగులు వేసినా నిలబెట్టలేమని ఈ వృత్తిలోని పెద్దలు చెబుతారు. ఆ చిన్న బొమ్మల్లో దర్శకునికి నచ్చినవాటిని ఎన్నుకొని, వాటికి రంగులు సమకూర్చి, పెద్ద చిత్రాలుగా విస్తరిస్తాడు. వెనుకటి రోజుల్లో ఇందుకు నీటిరంగులు, పాస్టెల్ కడ్డీలు, గువాష్ అనే చిక్కని రంగులు వాడేవారు. ఇప్పుడు చాలామంది కంప్యూటరుకు అనుసంధించిన పలకమీద గీస్తున్నారు. పనిముట్టు మారినా పని మారలేదు.

పాత్రల రూపకల్పన కూడా ఈ వృత్తిలో ఒక ప్రధానాంశం. ఆకారానికి ఒక స్వభావం ఉంటుందని చిత్రకారుల విశ్వాసం. వృత్తం మృదుత్వాన్ని, చతురస్రం స్థిరత్వాన్ని, వాడియైన త్రిభుజం ప్రమాదాన్ని స్ఫురింపజేస్తాయి. పిక్సర్ సంస్థ 2009లో విడుదల చేసిన 'అప్' చిత్రం ఇందుకు చక్కని ఉదాహరణ. భార్యను పోగొట్టుకొని, లోకానికి తలుపులు మూసుకొని కూర్చున్న కార్ల్ అనే వృద్ధుని కథ అది. అతని ముఖం, కళ్లద్దాలు, కూర్చునే కుర్చీ అన్నీ చతురస్రాకారంలోనే ఉంటాయి. అతని భార్య ఎల్లీకి చెందిన ఆకారాలన్నీ గుండ్రనివి. వారి కుర్చీలు రెండూ పక్కపక్కన ఉన్న దృశ్యం చూస్తే, ఒక్క మాట లేకుండానే ఆ దంపతుల స్వభావాలు మనకు అవగతమవుతాయి.

ఈ ఆకారాలకు వర్ణాలు తోడవుతాయి. చిత్రం ఆద్యంతం భావాల హెచ్చుతగ్గులను రంగుల వరుసగా చూపే చిత్రపటాన్ని 'కలర్ స్క్రిప్ట్' అంటారు. దీనిని మనం వర్ణలిపి అనవచ్చు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'కి కళాదర్శకుడైన రాల్ఫ్ ఎగల్‌స్టన్ ఆ చిత్రం కోసం పాస్టెల్ రంగులతో ఇటువంటి వర్ణలిపిని రూపొందించాడు. అందులో కథ చదవనవసరం లేదు. రంగులను ఎడమనుంచి కుడికి చూస్తూ పోతే చాలు, ఎక్కడ సంతోషముందో, ఎక్కడ భయముందో, ఎక్కడ ఊరట లభించిందో తెలిసిపోతుంది. సంగీత విద్వాంసుడు రాగానికి స్వరాలను నిర్దేశించుకొన్నట్లే దృశ్యరూపకర్త సన్నివేశానికి వర్ణాలను నిర్దేశిస్తాడు.

ప్రాచీన భారతీయ చిత్రకళాశాస్త్రం చిత్రానికి ఆరు అంగాలను చెప్పింది. వాత్స్యాయన సూత్రాలకు యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్యలో ఇవి కనిపిస్తాయి. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనేవి ఆ ఆరు. ఆకారాలను వేరుపరచడం, కొలతలు పాటించడం, మనోభావాన్ని వ్యక్తపరచడం, సొగసు కూర్చడం, పోలిక నిలపడం, రంగులను నేర్పుతో విభజించడం అని వీటిని స్థూలంగా వివరించవచ్చు. ఈ కాలపు దృశ్యరూపకర్తకు ఈ ఆరూ ఆవశ్యకమే. అయితే వీటిలో సాదృశ్యానికీ భావానికీ మధ్య ఒక్కొక్కప్పుడు స్పర్ధ ఏర్పడుతుంది. ఉన్నది ఉన్నట్లు గీయాలా, అనుభవించినట్లు గీయాలా? బాంబి నిర్మాణంలో సరిగా ఈ ప్రశ్నే తలెత్తింది.

వాల్ట్ డిస్నీ సంస్థ 1937లో 'స్నోవైట్' చిత్రాన్ని నిర్మించి ఘనవిజయం సాధించింది. ఫెలిక్స్ సాల్టెన్ రచించిన బాంబి నవలను కూడా చిత్రంగా తీయ సంకల్పించింది. మృగాలు నిజమైన మృగాల వలెనే కదలాలని డిస్నీ పట్టుబట్టాడు. చిత్రకారుల అధ్యయనం కోసం మెయిన్ రాష్ట్రం నుంచి రెండు జింకపిల్లలను స్టూడియోకు తెప్పించారు. జంతువుల అస్థి నిర్మాణాన్ని బోధించడానికి రికో లెబ్రన్ అనే చిత్రకారుణ్ణి నియమించారు. మారిస్ డే అనే కళాకారుడు మెయిన్ అడవులకు వెళ్లి అనేక ఛాయాచిత్రాలు తీసుకొని వచ్చాడు. ఇంత శ్రమించిన తరువాత ఒక చిక్కు వచ్చిపడింది. స్నోవైట్‌లో వలె ప్రతి ఆకును, ప్రతి గడ్డిపరకను గీసేసరికి, ఆ వివరాల గజిబిజిలో జింకపిల్ల కంటికి ఆనకుండా పోయింది. అడవి ఉంది, కాని కథానాయకుడు కనిపించడం లేదు.

ఆ సమయంలో అదే స్టూడియోలో టైరస్ వాంగ్ అనే యువకుడు చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ప్రధాన చిత్రకారులు గీసిన రెండు భంగిమల నడుమ వచ్చే మధ్యంతర భంగిమలను గీయడం ఆయన పని. రోజంతా బల్లమీద వంగి, ఇతరుల రేఖలను అనుసరిస్తూ, వెంట్రుకవాసి తేడాతో బొమ్మ తరువాత బొమ్మ గీస్తూ పోవాలి. 1938లో ఆయన ఆ కొలువులో చేరాడు. ఆ కొలువు దాకా ఆయన నడిచి వచ్చిన దారి సామాన్యమైనది కాదు.

వాంగ్ 1910 అక్టోబరు 25న దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, తైషాన్ ప్రాంతంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వాంగ్ జెన్ యో. పదేళ్లయినా నిండకముందే తండ్రి వెంట ఓడలో అమెరికాకు ప్రయాణమయ్యాడు. తల్లిని, సోదరిని అక్కడే విడిచిపెట్టాడు. ఆ తరువాత తల్లిని చూసే భాగ్యం ఆయనకు కలుగనే లేదు. ఆ రోజుల్లో అమెరికాలో చైనీయుల ప్రవేశాన్ని నిషేధించే చట్టం అమలులో ఉండేది. 1882లో చేసిన ఆ చట్టాన్ని 1943లో గాని రద్దు చేయలేదు. అమెరికా పౌరుల సంతానమని కాగితాల్లో రుజువు చూపగలిగినవారికి ప్రవేశం లభించేది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సంభవించిన భూకంపంలో, అగ్నిప్రమాదంలో జనన పత్రాలు దగ్ధం కావడంతో, ఎందరో చైనీయులు ఇతరుల పేర్లమీద కాగితాలు సంపాదించి వచ్చేవారు. అటువంటివారిని 'కాగితపు కుమారులు' అనేవారు. వాంగ్ కూడా అలా మరొకరి పేరుతోనే ఆ దేశంలో అడుగుపెట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని ఏంజెల్ ద్వీపంలో అధికారులు ఆ పసివాణ్ణి తండ్రినుంచి వేరుచేసి కొన్ని వారాలపాటు నిర్బంధించారు. కాగితంలోని పేరును, ఊరును, ఇంటి వివరాలను తడబడకుండా చెప్పి అతడు విడుదల పొందాడు. 'టైరస్' అన్నది తరువాత బడిలో ఉపాధ్యాయులు పిలిచిన పేరు.

తండ్రి పేదవాడే గాని కళాభిమాని. రాత్రివేళల్లో కుమారునికి చైనా లిపిని కుంచెతో రాయడం నేర్పేవాడు. సిరా కొనే స్తోమత లేదు. కుంచెను నీటిలో ముంచి పాత వార్తాపత్రికలమీద రాయించేవాడు. రాసిన అక్షరం కాసేపట్లో ఆరిపోయేది. మళ్లీ దానిమీదనే మరో అక్షరం. నిలవదని తెలిసి కూడా శ్రద్ధతో రాయడం ఆ బాలునికి అలా అలవడింది. తరువాత లాస్ ఏంజెల్స్‌లోని ఓటిస్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, అక్కడే గదులు ఊడుస్తూ చదువు సాగించాడు. పగలు పాశ్చాత్య చిత్రకళను అభ్యసిస్తూ, తీరిక దొరికినప్పుడు గ్రంథాలయంలో సుంగ్ వంశకాలపు చైనా చిత్రాలను అధ్యయనం చేశాడు. ఆ చిత్రాల్లో పర్వతం సగమే ఉంటుంది. తక్కిన సగం మంచు. ఆ మంచు నిజానికి రంగు వేయని తెల్లని జాగా. చిత్రకారుడు వదిలిపెట్టిన ఆ జాగాలోనే చూసేవారి ఊహ విహరిస్తుంది. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే అది ధ్వని. వాచ్యం చేయకుండా స్ఫురింపజేయడం దాని లక్షణం.

బాంబి సన్నాహాలు జరుగుతున్నాయని తెలిసినప్పుడు వాంగ్ ఆ నవలను చదివాడు. ఎవరూ అడగకుండానే, ఇంటివద్ద కూర్చుని, చిన్నచిన్న అడవి చిత్రాలు కొన్ని వేశాడు. వాటిలో ఆకులు లేవు, ఆకుపచ్చని వాతావరణం ఉంది. వాన చినుకులు లేవు, తడిసిన గాలి ఉంది. విశాలమైన రంగుల పొరల నడుమ ఒక చిన్న జింక ఆకృతి మాత్రం స్పష్టంగా నిలిచి ఉంది. వాటిని కళాదర్శకుడైన టామ్ కాడ్రిక్‌కు చూపాడు. అవి డిస్నీ దృష్టికి వెళ్లాయి. ఇన్నాళ్లుగా వెదుకుతున్న సమాధానం ఆ చిన్న కాగితాల్లో కనిపించింది. మధ్యంతర భంగిమలు గీసే యువకుడు ఆ చిత్రానికంతటికీ దృశ్యరూపకర్త అయ్యాడు. దాదాపు రెండేళ్లపాటు ఆయన నీటిరంగులతో, పాస్టెల్ రంగులతో వందలాది చిత్రాలు గీశాడు. ఉదయం, వాన, మంచు, దావానలం మొదలైన దృశ్యాలన్నిటికీ వర్ణాలను, వాతావరణాన్ని ఆయన చిత్రాలే నిర్దేశించాయి. నేపథ్య చిత్రకారులు తమ తైలవర్ణాలను ఆయన పద్ధతికి అనుగుణంగా మలచుకొన్నారు.

ఇంత చేసిన కళాకారునికి లభించిన గౌరవం ఏమిటి? 1941లో డిస్నీ స్టూడియో ఉద్యోగులు సమ్మె చేశారు. వాంగ్ ఆ సమ్మెలో పాల్గొనలేదు. అయినా దాని పర్యవసానంగా ఆయన ఉద్యోగం పోయింది. మరుసటి సంవత్సరం చిత్రం విడుదలైంది. తెరమీద పేర్లు పడినప్పుడు నేపథ్య చిత్రకారుల పట్టికలో అనేకులలో ఒకనిగా మాత్రమే ఆయన పేరు కనిపించింది. మొత్తం చిత్రానికి రూపకల్పన చేసినవాడన్న విషయం ప్రేక్షకులకు తెలియలేదు. ఇతరుల పేరుతో దేశంలో ప్రవేశించిన వ్యక్తి కృషి ఈ విధంగా ఇతరుల పేర్ల మధ్య మరుగునపడిపోయింది. ఆయన దీనికి కుంగిపోలేదు. వార్నర్ బ్రదర్స్ సంస్థలో చేరి 1968లో పదవీ విరమణ చేసే వరకు నటీనటులతో తీసే చిత్రాలకు ముందస్తు దృశ్యచిత్రాలు గీశాడు. తీరిక వేళల్లో శుభాకాంక్షల కార్డులకు బొమ్మలు వేశాడు. 1946లో అమెరికా పౌరసత్వం పొందాడు.

గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. 2001లో, తొంభై ఏళ్ల వయస్సులో, డిస్నీ సంస్థ ఆయనను 'డిస్నీ లెజెండ్' అనే బిరుదుతో సత్కరించింది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వాల్ట్ డిస్నీ ఫ్యామిలీ మ్యూజియంలో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. 2015లో ఆయన జీవితంమీద 'టైరస్' అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. 2016 డిసెంబరు 30న నూట ఆరేళ్ల వయస్సులో ఆయన కన్నుమూశాడు.

వాంగ్ ఒక్కడే కాదు, ఈ కళకు కీర్తి తెచ్చినవారు మరికొందరున్నారు. మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి 'సిండరెల్లా', 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్', 'పీటర్ పాన్' చిత్రాలకు వర్ణరూపకల్పన చేసింది. నీలి చీకటి పక్కన ఎర్రని వెలుగును నిలిపి, ఎవరూ ఊహించని వర్ణమైత్రిని సాధించడంలో ఆమెది అందెవేసిన చేయి. 1959లో విడుదలైన 'స్లీపింగ్ బ్యూటీ'కి ఐవిండ్ ఎర్ల్ మధ్యయుగాల ఐరోపా చిత్రాలను ఆదర్శంగా తీసుకొని, ప్రతి ఆకునూ తీర్చిదిద్దిన నేపథ్యాలు సమకూర్చాడు. వాంగ్ వివరాలను తగ్గించి గెలిచాడు, ఎర్ల్ వివరాలను పెంచి గెలిచాడు. దీనినిబట్టి ఒక సత్యం గ్రహించవచ్చు. దృశ్యరూపకర్త శైలి అతని ఇష్టానికి మాత్రమే సంబంధించినది కాదు. కథ ఏ భావాన్ని కోరుతున్నదో దానికి తగిన రూపాన్ని కనిపెట్టడమే అతని ప్రతిభ.

చలనచిత్రానికి ముందుగా చిత్రం గీసుకొనే సంప్రదాయం మన తెలుగువారికీ తెలిసినదే. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రానికి మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులుగా పనిచేశారు. వారు గీసిన చిత్రాల ఆధారంగా ఆ పౌరాణిక లోకం రూపు దిద్దుకొంది. సూక్ష్మప్రమాణంలో నిర్మించిన ఇళ్లతో ద్వారకానగరం తెరమీద విశాలంగా వెలసింది. చిత్రకారుడైన బాపు దర్శకుడైన తరువాత సన్నివేశాలను ముందే బొమ్మలుగా గీసుకొని చిత్రీకరించేవారు. వీరి పని యానిమేషన్‌కు సంబంధించినది కాకపోయినా, ముందు కాగితంమీద చూసి తరువాత తెరమీదికి తెచ్చే పద్ధతి ఒక్కటే. 2008లో మొదలైన 'ఛోటా భీమ్' హైదరాబాదు స్టూడియోలో రూపుదిద్దుకొన్నదే. కాబట్టి ఈ వృత్తి నేటి తెలుగు విద్యార్థికి అందనంత దూరంలో లేదు.

అయితే ఈ వృత్తిని కోరుకొనేవారు దాని కష్టసుఖాలు రెండూ తెలుసుకోవాలి. గీసిన బొమ్మల్లో అధికభాగం తిరస్కరణకు గురవుతుంది. నెలల తరబడి రూపొందించిన నగరం, కథ మారడంతో, ఒక్క పూటలో అనవసరమైపోవచ్చు. చాలామందికి ఉద్యోగం ఒక చిత్రం పూర్తయ్యేవరకే. తరువాత మళ్లీ తన చిత్రాల సంచయాన్ని చేతబట్టుకొని మరో సంస్థ తలుపు తట్టాలి. 2022 నుంచి మాటలతో వర్ణిస్తే క్షణాల్లో బొమ్మను సిద్ధం చేసే కంప్యూటరు సాధనాలు కూడా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఆ సాధనాలు ఎందరో చిత్రకారులు గీసిన బొమ్మలనుంచే నేర్చుకొన్నవి. కాని ఆ చిత్రకారుల పేర్లు ఎక్కడా కనిపించవు. వాంగ్ కాలంలో ఉన్న పేరు సమస్య మరో రూపంలో మన కాలంలోకి వచ్చిందన్న మాట.

ఇటువంటి స్థితిలో ఈ వృత్తికి ఏది ఆధారం? సాధనే ఆధారం. రోజూ కళ్లెదుట ఉన్నదాన్ని గీయాలి. బస్సు కోసం వేచి ఉన్న వృద్ధుడు ఏ కాలిమీద బరువు మోపి నిలుచున్నాడో గమనించాలి. మధ్యాహ్నపు గోడమీద నీడ ఏ రంగులో ఉందో పరిశీలించాలి. నీడ నల్లగా ఉంటుందని విన్నమాట నమ్మక, కంటితో చూసి తేల్చుకోవాలి. కావ్యాలు, కథలు చదవాలి. కథ హృదయాన్ని పట్టుకోలేనివాడు దానికి రూపం ఇవ్వలేడు. వాంగ్ కంటే రేఖలో నేర్పరులు ఆ స్టూడియోలో ఉండి ఉండవచ్చు. కాని ఆయన ఆ నవలను చదివి, అందులోని నిశ్శబ్దాన్ని విన్నాడు. ఆ నిశ్శబ్దానికి రంగు వేశాడు.

పదవీ విరమణానంతరం వాంగ్‌కు గాలిపటాలు తయారుచేయడం వ్యాపకమైంది. వెదురుబద్దలతో, కాగితంతో, బట్టతో పక్షులను, చేపలను, జెర్రిని పోలిన పొడవాటి పటాలను రూపొందించి శాంటామోనికా సముద్రతీరంలో ఎగురవేసేవాడు. చూడవచ్చిన పిల్లల్లో చాలామంది బాంబి చూసినవారే అయి ఉంటారు. దారం పట్టుకొని నిలుచున్న ఆ ముసలాయనే ఆ అడవికి కర్త అని వారికి తెలిసే అవకాశం లేదు. పటం మాత్రమే ఆకాశంలో కనిపిస్తుంది. దాన్ని నిలిపి ఉంచే దారం కంటికి ఆనదు. దృశ్యరూపకర్త కళ కూడా అలాంటిదే. ఈసారి ఏదైనా యానిమేషన్ చిత్రం చూసినప్పుడు, కథ ముగియగానే లేచి వెళ్లక, తెరమీద వచ్చే పేర్లను చివరిదాకా చదవండి. ఆ కళాకారులకు మనం చెల్లించగల కనీస గౌరవం అది.

ప్రశ్నలు

1. యానిమేషన్ చిత్రానికి దృశ్యరూపకర్త అవసరం ఎందుకు కలుగుతుందో వివరించండి.
2. బాంబి చిత్ర నిర్మాణంలో ఎదురైన చిక్కును టైరస్ వాంగ్ ఏ విధంగా పరిష్కరించాడు?
3. 'కాగితపు కుమారులు' అంటే ఎవరు? వాంగ్ బాల్యాన్ని సంగ్రహంగా రాయండి.
4. వర్ణలిపి అంటే ఏమిటి? దాని ప్రయోజనాన్ని తెలపండి.
5. మీరు చదివిన ఒక తెలుగు కథను ఎన్నుకొని, అందులోని ఒక సన్నివేశానికి ఏ రంగులు, ఏ ఆకారాలు వాడతారో కారణాలతో రాయండి.